ఆయిల్ నల్లబడగానే పారబోయకండి: ఇంజన్ ఆయిల్ మీద పాఠకుల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంజన్ ఆయిల్ గురించే. కార్ల వాళ్లు, ఆటోల వాళ్లు, ట్రాక్టర్ ఉన్న రైతులు, స్కూటీ నడిపే ఉద్యోగినులు, ఎవరి ఉత్తరం చూసినా అడుగున ఉన్న అనుమానం దాదాపు ఒకటే: రంగు చూసి ఆయిల్ సంగతి చెప్పెయ్యొచ్చా అని. ఒకరికి రాసింది ఇంకొకరికి పనికొస్తుంది కాబట్టి అన్నీ ఒకే చోట పెడుతున్నాను.

ప్రశ్న: మాది బీఎస్4 (పాత కాలుష్య ప్రమాణాల) డీజిల్ కారు సార్, లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది. పోయిన నెల దగ్గరుండి ఆయిలూ ఫిల్టరూ మార్పించాను. నాలుగు రోజులు తిరిగాక డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) తీసి చూస్తే కాటుకలా నలుపు! ఇంకో మెకానిక్‌కి చూపిస్తే "డూప్లికేట్ ఆయిల్ పోశారు, వెంటనే దించెయ్యండి" అన్నాడు. నాలుగు వేలు నీళ్లపాలేనా?
– ఖమ్మం పాఠకుడు

జవాబు: కంగారుపడకండి. ఆయిల్ నల్లబడటం ఒక్కటే చూసి డూప్లికేట్ అనడానికి వీల్లేదు, డీజిల్ బండిలో అయితే అస్సలు వీల్లేదు.

డీజిల్ కాలినప్పుడు మసి పుడుతుంది, ఆ మసిలో కొంత పిస్టన్ చుట్టూ ఉండే రింగుల సందుల్లోంచి కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. దాన్ని ముద్దకట్టనివ్వకుండా, ఇంజన్ గోడలకు అంటుకోనివ్వకుండా, సన్నటి కణాలుగానే తనలో తేలుతూ ఉంచుకోవడం ఆయిల్ పనుల్లో ఒకటి, అందుకోసమే కంపెనీలు అందులో డిటర్జెంట్లు, డిస్పర్సెంట్లు అనే మందులు కలుపుతాయి. పైగా పాత ఆయిల్ ఎంత సేపు దించినా సందుల్లో, హెడ్డు మీద, కూలర్‌లో కొంత మిగిలే ఉంటుంది, కొత్తది పోసి స్టార్ట్ చేసిన కాసేపట్లోనే అదంతా వచ్చి కలిసిపోతుంది. లక్ష దాటిన డీజిల్ ఇంజన్‌లో వేల కిలోమీటర్ల తర్వాత కూడా ఆయిల్ తేనె రంగులోనే ఉందంటే నాకు అనుమానం వస్తుంది, మసిని అది మోయడం లేదేమో, ఆ మసి ఇంకెక్కడో పేరుకుంటోందేమో అని.

మరి ఏం చూడాలి? బండి సమంగా ఉన్న చోట ఆపి, ఇంజన్ కట్టేసి ఐదు పది నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ తీసి తుడిచి, మళ్లీ పెట్టి తీయండి. ముందు లెవెల్ చూడండి. తర్వాత ఒక చుక్క బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టుకుని రుద్దండి, గరుకు తగలకూడదు. వాసన చూడండి, డీజిల్ వాసన గుప్పుమనకూడదు, మాడు వాసన రాకూడదు. పాలు కలిపిన కాఫీ రంగులోకి తిరిగిందంటే నీళ్లు కలిసినట్టు, అది వేరే కథ, కింద ఇంకో జవాబులో రాశాను.

ఇంట్లోనే చేసుకోదగ్గ పరీక్ష ఒకటి ఉంది. తెల్లటి ఫిల్టర్ పేపర్ ముక్క తీసుకోండి, ల్యాబులకు సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతుంది. దాన్ని ఒక గ్లాసు మూతి మీద పరవండి, మధ్య భాగం దేనికీ తగలకుండా ఉండాలి. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు డిప్‌స్టిక్ కొస నుంచి ఒకే ఒక్క చుక్క దాని మధ్యలో వదిలి, గాలి దుమ్ము తగలని చోట రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున చూస్తే చుక్క గుండ్రంగా పరుచుకుని ఉంటుంది. నలుపు మధ్య నుంచి అంచు దాకా మెల్లగా పల్చబడుతూ పోయి ఉంటే ఆయిల్‌కి మసిని మోసే ఓపిక ఇంకా ఉందని అర్థం. అలా కాకుండా నడుమ చిక్కటి నల్ల బిళ్ల, దానికి గీత గీసినట్టు అంచు, ఆ చుట్టూ ఏమీ లేని ఖాళీ కాగితం కనిపిస్తే మందుల పని అయిపోయింది, మసి ముద్ద కడుతోంది, ఆలస్యం చేయకుండా మార్చండి. అన్నిటికన్నా బయట లేత రంగులో ఒక వలయం వెడల్పుగా వస్తే ఆయిల్‌లో డీజిల్ కలుస్తున్నట్టు అనుమానించాలి. ఇది ల్యాబ్ పరీక్ష కాదు, ఇందులో అన్నీ తెలియవు, కానీ రంగు చూసి తీర్పు చెప్పడం కన్నా చాలా నయం. ఈసారి ఆయిల్ మార్చిన వెయ్యి కిలోమీటర్లకొక చుక్క, ఐదు వేలకొక చుక్క, మార్చే ముందొక చుక్క వేసి, కాగితాల మీద తేదీ రాసి దాచుకోండి. మీ ఇంజన్ ఆయిల్‌ని ఎంత వేగంగా అరగదీస్తోందో మీకే తెలిసిపోతుంది.

ప్రశ్న: అన్నా నమస్తే. నాది సీఎన్‌జీ ఆటో. పెట్రోల్ ఆటో ఉన్నప్పుడు ఆయిల్ తొందరగా నల్లబడేది, ఇప్పుడు ఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగినా తేటగానే ఉంది. ఇంకో రెండు మూడు వేలు లాగించొచ్చా? రోజుకి పన్నెండు గంటలు రోడ్డు మీదే ఉంటా, ఒక పూట బండి ఆపినా నష్టమే.
– విజయవాడ ఆటో డ్రైవర్

జవాబు: వద్దు తమ్ముడూ, లాగించొద్దు. ఖమ్మం పాఠకుడి సమస్యకి ఇది సరిగ్గా తిరగేసిన సమస్య. సీఎన్‌జీ కాలితే మసి దాదాపు రాదు, అందుకే ఆయిల్ చూడటానికి తేటగా ఉంటుంది. కానీ గ్యాస్‌తో నడిచే ఇంజన్ లోపల వేడి ఎక్కువ. ఆ వేడికి ఆయిల్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి చెడుతుంది, మంటలో పుట్టే నైట్రోజన్ ఆక్సైడ్లు తగిలి ఇంకా చెడుతుంది. చెడేకొద్దీ ఆయిల్ చిక్కబడుతుంది, ఆమ్ల గుణం పెరుగుతుంది, పిస్టన్ రింగుల గాడుల్లో వార్నిష్ లాంటి పూత కడుతుంది. రింగులు పట్టేశాయంటే కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) పోతుంది, ఆయిల్ తాగడం మొదలవుతుంది. ఇదంతా తేటగా కనిపిస్తున్న ఆయిల్‌లోనే జరిగిపోతుంది.

ఇంకొకటి, మూడు చక్రాల బండిలో పట్టే ఆయిలే తక్కువ. కారులో మూడు నాలుగు లీటర్లు పంచుకునే వేడిని ఇక్కడ అందులో సగం కూడా లేని ఆయిల్ మోయాలి. మే నెలలో బెంజి సర్కిల్ దగ్గర ముగ్గురిని ఎక్కించుకుని ఫస్ట్ గేర్లో నిలబడ్డ ఇంజన్ సంగతి నీకు నేను చెప్పాలా? బండితో పాటు ఇచ్చిన పుస్తకంలో ఎన్ని కిలోమీటర్లకు మార్చమని ఉందో అన్నింటికే మార్చు, నీలాగా రోజంతా ట్రాఫిక్‌లో తిరిగే బండికి అంతకన్నా కాస్త ముందే మార్చినా డబ్బు దండగ కాదు. పొద్దున బండి తీసే ముందు, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు లెవెల్ చూసే అలవాటు చేసుకో. ఆయిల్ మార్చడానికి పట్టేది అరగంట, రింగులు పోయి ఇంజన్ దించితే షెడ్డులో రోజులు పోతాయి.

ప్రశ్న: నా యాక్టివాకి 10డబ్ల్యూ-30 పోయించమని పుస్తకంలో ఉంది. మా వీధి మెకానిక్ మాత్రం "మన గుంటూరు ఎండలకి పల్చటి ఆయిల్ ఆగదమ్మా" అని 20డబ్ల్యూ-40 పోశాడు. ఆ డబ్బా మీద జాసో ఎంఏ అని కూడా ఉంది, యాక్టివాకి ఎంబీ పోయాలట కదా? టెన్షన్‌గా ఉంది. బండి పాడైపోతుందాండీ?
– గుంటూరు పాఠకురాలు

జవాబు: పాడైపోదమ్మా, ఈ డబ్బా అయ్యేదాకా నడపండి, తర్వాతిసారి పుస్తకంలో ఉన్నదే పోయించండి. కానీ మీ మెకానిక్ అన్న మాట మన దగ్గర ప్రతి షెడ్డులోనూ వినిపిస్తుంది కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

డబ్ల్యూకి ముందున్న అంకె చలికి సంబంధించింది. 10డబ్ల్యూ ఆయిల్‌ని సున్నాకి 25 డిగ్రీల కింద, 20డబ్ల్యూని సున్నాకి 15 డిగ్రీల కింద పరీక్షిస్తారు, ఇంజన్ తిరగడానికి ఎంత అడ్డుపడుతుందా అని. మన ఊళ్లలో అంత చలి లేదు నిజమే, అయినా తెల్లవారుజామున స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ ఎంత త్వరగా పైకి ఎక్కుతుందన్నది ఇక్కడ కూడా ముఖ్యమే, ఇంజన్ అరుగుదలలో మంచి భాగం ఆ మొదటి క్షణాల్లోనే జరుగుతుంది. రెండో అంకె వేడి ఇంజన్‌ది. 100 డిగ్రీల దగ్గర ఆయిల్ చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ లోపు ఉంటే 30, 12.5 నుంచి 16.3 లోపు ఉంటే 40. అంటే 30 అంకె ఉన్న ఆయిల్ చిక్కదనాన్ని కొలిచేది 100 డిగ్రీల దగ్గరే. బయట 32 ఉన్నా 45 ఉన్నా లోపల ఆయిల్ చూసే వేడి వేరే లెక్క. కార్లలో థర్మోస్టాట్ అనే భాగం, ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్‌ని 90 డిగ్రీల చుట్టుపక్కల పట్టి ఉంచుతుంది. యాక్టివా లాంటి గాలితో చల్లబడే ఇంజన్‌కి బయటి ఎండ కొంత తగులుతుంది, కాదనను, కానీ ఆ బండిని తయారుచేసిన వాళ్లు మన ఎండలు లెక్కలో పెట్టుకునే 10డబ్ల్యూ-30 రాశారు. పంపు, బేరింగుల సందులు, ఆయిల్ వెళ్లే దారులు అన్నీ ఆ చిక్కదనానికి తగ్గట్టు కుదిరినవి. చిక్కటిది పోస్తే వచ్చేది కొంచెం మైలేజ్ నష్టం, పొద్దున్నే కొంచెం మొరాయింపు.

కొత్త పెట్రోల్ కార్లకు 0డబ్ల్యూ-20, 0డబ్ల్యూ-16 రాస్తుంటే "ఇది నీళ్లలా ఉంది" అని 20డబ్ల్యూ-50 పోసే షెడ్లు ఉన్నాయి. అది మాత్రం నిజంగా తప్పు. ఆ ఇంజన్లలో వాల్వ్ టైమింగ్‌ని (వాల్వులు తెరుచుకునే సమయాన్ని) మార్చే భాగాలు ఆయిల్ ఒత్తిడితోనే కదులుతాయి, చిక్కటి ఆయిల్‌తో అవి సరిగా పనిచేయవు.

ఇక ఎంఏ, ఎంబీ. ఇవి జాసో అనే జపాన్ ప్రమాణాల సంస్థ ఆయిళ్లకు పెట్టిన గుర్తులు. స్ప్లెండర్, పల్సర్, బుల్లెట్ లాంటి గేర్ల బండ్లలో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. ఆయిల్ మరీ జారుడుగా ఉంటే ప్లేట్లు స్లిప్ అవుతాయి, అందుకని వాటికి జాసో ఎంఏ లేదా ఎంఏ2 ఉండాలి. మీ స్కూటర్‌లో క్లచ్ పొడిగా వేరే గదిలో ఉంటుంది, ఆ బాధ లేదు, కాబట్టి రాపిడి ఇంకా తగ్గించే ఎంబీ ఇచ్చారు. స్కూటర్‌లో ఎంఏ పోస్తే చిన్నపాటి మైలేజ్ తేడా తప్ప ప్రమాదం లేదు. గేర్ల బండిలో ఎంబీ పోస్తేనే ఇబ్బంది. కారు ఆయిల్ మిగిలింది కదా అని మోటార్‌సైకిల్‌లో పోయడం కూడా అందుకే వద్దనేది, ముఖ్యంగా డబ్బా మీద ఇంధనం ఆదా అని రాసి ఉన్నవి.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. యాక్టివాలో లెవెల్ చూసేటప్పుడు సెంటర్ స్టాండ్ వేయాలి, మూడు నాలుగు నిమిషాలు నడిపి ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగి, పుల్ల తుడిచి లోపల ఊరికే ఆనించి తీయాలి. మర బిగించి తీస్తే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, ఆయిల్ తక్కువున్నా తెలియదు.

ప్రశ్న: ఏడాది క్రితం బీఎస్6 డీజిల్ ఎస్‌యూవీ కొన్నాను. ఇంటి నుంచి బ్యాంకుకి నాలుగు కిలోమీటర్లు, రోజూ అంతే. విచిత్రం ఏమిటంటే ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరుగుతోంది! సర్వీస్ అయినప్పుడు మ్యాక్స్ గీత కింద ఉంది, ఇప్పుడు గీత దాటింది. షోరూమ్‌లో అడిగితే "తగ్గితే కదా సార్ భయం, పెరిగితే మంచిదే" అన్నారు.
– కరీంనగర్ పాఠకుడు

జవాబు: మంచిది కాదు. ఈ నెల ఉత్తరాలన్నిటిలో నాకు ఆందోళన కలిగించింది మీదే, అందుకే ముందు చేయాల్సింది చెప్తాను: ఈ వారంలోనే ఆయిల్, ఫిల్టర్ మార్పించండి. అందాకా దూర ప్రయాణాలు, గట్టిగా తొక్కడాలు వద్దు.

ఇంజన్ తనంతట తాను ఆయిల్ తయారుచేయదు కదా. పెరిగింది డీజిల్. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక డీజిల్ కార్ల సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే వడపోత పెడుతున్నారు. అది మసిని పట్టుకుంటుంది, నిండాక దాన్ని కాల్చేయాలి, కాల్చడానికి దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడి పుట్టించడానికి చాలా ఇంజన్లలో సిలిండర్‌లోకి ఆలస్యంగా అదనపు డీజిల్ కొడతారు. దాంట్లో కొంత సిలిండర్ గోడల వెంట జారి కింద ఆయిల్‌లో పడుతుంది. హైవే మీద ఇరవై నిమిషాలు ఆగకుండా పోయే బండిలో ఈ పని ఒక్కసారికే పూర్తవుతుంది, ఆయిల్‌లో పడ్డ డీజిల్ కూడా వేడికి కొంత ఆవిరైపోతుంది. మీ నాలుగు కిలోమీటర్లలో అది మొదలయ్యే లోపే మీరు బండి ఆపేస్తారు, మళ్లీ మొదలు, మళ్లీ ఆపడం. ప్రతిసారీ ఇంకాస్త డీజిల్ కిందికి. ఆయిల్ పల్చబడితే బేరింగుల మధ్య ఉండాల్సిన పొర తెగుతుంది. మరీ ఎక్కువైతే ఆ కలిసిన ఆయిల్‌నే ఇంజన్ పీల్చుకుని, తాళం తీసినా ఆగకుండా రేస్ అయ్యే ప్రమాదం కూడా ఉంది.

డిప్‌స్టిక్ చుక్కని వాసన చూడండి, డీజిల్ తెలుస్తుంది. పైన చెప్పిన ఫిల్టర్ పేపర్ మీద వేస్తే బయటి వలయం కూడా వస్తుంది. ఆయిల్ మార్చాక వారానికోసారైనా సిద్దిపేట రోడ్డు మీదో, జగిత్యాల రోడ్డు మీదో అరగంట ఒకే వేగంతో వెళ్లి రండి. బండి నిలబడి ఉన్నప్పుడు ఐడ్లింగ్ మామూలు కన్నా పెరిగి, ఫ్యాన్ గట్టిగా తిరుగుతూ, వేడి వాసన వస్తుంటే లోపల మసి కాలుతోందని అర్థం, ఆ సమయంలో ఆపకుండా ఇంకాసేపు నడపండి.

ఆయిల్ కూడా ఏది పడితే అది పనికిరాదు. మామూలు లారీ ఆయిల్ మందులు కాలితే బూడిద మిగులుతుంది, మసి కాలుతుంది గానీ బూడిద కాలదు, డీపీఎఫ్‌లో శాశ్వతంగా ఉండిపోతుంది. అందుకే బూడిద 0.8 శాతానికి మించని ఏసీఈఏ (యూరప్ కార్ల కంపెనీల సంఘం) సీ2, సీ3 లాంటి ఆయిళ్లు రాస్తారు. మీ పుస్తకంలో ఏది ఉందో డబ్బా మీద అక్షరం అక్షరం సరిచూసుకోండి. షోరూమ్‌లో లెవెల్ ఎంత పెరిగిందో జాబ్ కార్డులో రాయించుకుని కాపీ తీసుకోండి, వారంటీలో ఉన్న బండి కాబట్టి రేపు అవసరపడుతుంది. మీ తిరుగుడు ఇకమీదటా ఇంతే అయితే, వచ్చేసారి బండి మార్చినప్పుడు పెట్రోల్ వైపు చూడమనే నా సలహా.

ప్రశ్న: ట్రాక్టర్ ఆయిల్ ఎన్నాళ్లకు మార్చాలి? నేను ఖరీఫ్ ముందొకసారి, రబీ ముందొకసారి మారుస్తున్నా. అయినా ఐదేళ్లకే లైనర్లు (పిస్టన్ కదిలే గొట్టాలు) పోయాయి, ఇంజన్ బోరు చేయించాల్సి వచ్చింది. ఆయిల్ మంచి కంపెనీదే.
– మిర్యాలగూడ రైతు

జవాబు: ట్రాక్టర్‌కి కాలం, కిలోమీటర్లు కాదండీ, గంటలు చూడాలి. మీటర్‌లో అవర్ రీడింగ్ ఉంటుంది, చాలా ట్రాక్టర్లకు 250 గంటలకు ఆయిల్ మార్చమని పుస్తకంలో ఉంటుంది, కొన్నిటికి అంతకన్నా ఎక్కువ. సొంత పొలానికే అయితే సీజన్‌కోసారి సరిపోవచ్చు, కానీ మీరు కిరాయికి కూడా తోలుతుంటే ఒక్క దమ్ము (వరి నాట్లకు బురద దున్నే) సీజన్‌లోనే ఆ గంటలు అయిపోతాయి. కేజ్ వీల్స్ (బురదలో వాడే ఇనుప చక్రాలు) వేసుకుని బురదలో రోజంతా ఫుల్ లోడ్ మీద నడిచే ఇంజన్‌కి అంతకన్నా కష్టమైన పని లేదు.

అయితే మీ లైనర్లు ఐదేళ్లకే పోవడానికి ఆయిల్ కన్నా దుమ్ము కారణమని నా గట్టి అనుమానం. మెట్ట చేలల్లో రోటవేటర్ వేసేటప్పుడు లేచే మట్టిలో ఉండేది ఇసుక రేణువులు, అవి ఇనుమును కొరుకుతాయి. ఎయిర్ ఫిల్టర్ సరిగా లేకపోతే ఎంత ఖరీదైన ఆయిల్ పోసినా ఆ గరుకుని ఇంజన్ అంతా తిప్పడమే అవుతుంది. ఆయిల్ బాత్ ఫిల్టర్ (గిన్నెలోని ఆయిల్‌తో దుమ్ము పట్టేది) ఉన్న ట్రాక్టర్ అయితే దుమ్ము పనుల రోజుల్లో రోజూ గిన్నె విప్పి చూడండి. అడుగున మట్టి పేరుకున్నా, ఆయిల్ జావలా చిక్కబడినా పారబోసి, గిన్నె కడిగి, గీత దాకానే కొత్త ఆయిల్ పోయండి, గీత దాటితే ఇంజన్ దాన్ని పీల్చుకుంటుంది. ఆ ఫిల్టర్ నుంచి ఇంజన్‌కి వెళ్లే రబ్బరు గొట్టం, దాని క్లిప్పులు వేలితో కదిపి చూడండి. క్లిప్పు వదులుగా ఉంటే ఫిల్టర్ ఉన్నా లేనట్టే. గొట్టం విప్పి లోపల గుడ్డతో తుడిస్తే మట్టి అంటిందా, మీ లైనర్లు ఎందుకు పోయాయో అక్కడే తెలిసిపోతుంది.

ఆయిల్ ఎంపిక ఇందులో సులువే. 15డబ్ల్యూ-40, ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) సీఐ-4 లేదా ఆ పైది, మీ కంపెనీ పుస్తకం వేరేగా చెప్తే అది. ఏపీఐ తర్వాత సీ తో మొదలైతే డీజిల్‌కి, ఎస్ తో మొదలైతే పెట్రోల్‌కి. దమ్ము అయ్యాక వెనక గేర్‌బాక్స్ ఆయిల్ కూడా గేజ్ తీసి చూడండి, సీళ్లలోంచి బురద నీళ్లు దిగితే తెల్లగా తిరిగిపోయి ఉంటుంది.

ప్రశ్న: ఇంటి నుంచే ఉద్యోగం. కారు ఏడాదికి మూడు వేల కిలోమీటర్లు కూడా తిరగదు, అదీ కూరగాయలకీ గుడికీ. పదివేలకు మార్చాల్సిన ఆయిల్ ఏడాదికే మార్చడం అన్యాయం కదా? పైగా ఆయిల్ పోసే మూత తీస్తే లోపల తెల్లటి వెన్నలాంటిది కనిపించింది.
– హైదరాబాద్ పాఠకుడు

జవాబు: పుస్తకంలో పదివేలు లేదా ఏడాది, ఏది ముందైతే అది అని ఉంటుంది, ఆ రెండో మాటని మీలాంటి వాళ్ల కోసమే రాశారు. ఒక లీటరు పెట్రోల్ కాలితే సుమారు ఒక లీటరు నీరు పుడుతుంది, అవును, లీటరుకి లీటరు. ఎక్కువ భాగం ఆవిరిగా సైలెన్సర్ లోంచి పోతుంది, కొంచెం రింగుల పక్కనుంచి ఆయిల్‌లోకి చేరుతుంది. ఇంజన్ బాగా వేడెక్కి అరగంట నడిస్తే ఆ తేమ ఎగిరిపోతుంది. మార్కెట్ దాకా వెళ్లి వచ్చే బండిలో ఎగిరే అవకాశమే రాదు. నీరు, కాలని పెట్రోల్, ఆమ్లాలు కలిసి ఆయిల్‌లోని మందుల్ని తినేస్తాయి, మీరు చూసిన తెల్లటి పూత ఆ తేమే.

మూత కిందే ఉండి, డిప్‌స్టిక్ మీద ఆయిల్ మామూలుగా ఉంటే భయం లేదు, తుడిచేసి ఒకసారి ఔటర్ రింగ్ రోడ్డు మీద నలభై నిమిషాలు తిప్పి రండి. డిప్‌స్టిక్ మీద కూడా కాఫీ రంగు కనిపించి, కూలెంట్ డబ్బాలో లెవెల్ తగ్గుతుంటే మాత్రం హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్డు కింద ఉండే సీలు) పోయిందేమోనని అనుమానించాలి. అప్పుడు స్టార్ట్ కూడా చేయకుండా బండిని లాగించుకుని తీసుకెళ్లండి.

ప్రశ్న: బుల్లెట్‌లో మూడు వేలు దాటేసరికి గేర్లు గట్టిగా పడుతున్నాయి. ఫుల్లీ సింథటిక్ పోస్తే పోతుందా? వేరే కంపెనీ ఆయిల్ కలిపితే విరిగిపోతుందంటారు, నిజమా?
– రాజమండ్రి పాఠకుడు

జవాబు: మోటార్‌సైకిల్‌లో ఇంజన్‌కీ, క్లచ్‌కీ, చాలా బండ్లలో గేర్లకీ ఆయిల్ ఒకటే. వేడిలో చిక్కదనం నిలవడానికి ఆయిల్‌లో పొడవాటి పాలిమర్ గొలుసులు కలుపుతారు, గేర్ల పళ్ల మధ్య పడి అవి ముక్కలవుతాయి. అలా ఆయిల్ పల్చబడటం ముందు తెలిసేది మీ పాదానికే. సింథటిక్‌లో ఇది సాధారణంగా ఆలస్యంగా జరుగుతుంది, కాబట్టి తేడా ఉంటుంది, కానీ 15డబ్ల్యూ-50, జాసో ఎంఏ2 అన్న రెండూ డబ్బా మీద ఉన్నాయో లేదో చూసే కొనండి. పోసే ముందు క్లచ్ కేబుల్ ఫ్రీ ప్లే (వదులు) సరిచేయించండి, చాలాసార్లు గేర్ల సమస్య అక్కడే తీరిపోతుంది. ఆయిళ్లు కలిపితే విరగవు. దారిలో లెవెల్ తగ్గితే అదే గ్రేడ్‌లో దొరికిన కంపెనీది పోసి ఇంటికి రండి, తక్కువ ఆయిల్‌తో నడపడం కన్నా అదే మేలు. అలవాటుగా కలపకండి, అంతే. ఇంజన్‌కి కొత్త ప్రాణం పోస్తామంటూ విడిగా అమ్మే సీసాల జోలికి పోవద్దు, మంచి ఆయిల్‌లో కావాల్సిన మందులు లెక్క ప్రకారం ఉండనే ఉంటాయి.

ప్రశ్న: డ్యాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ డబ్బా గుర్తు వెలిగి ఆరిపోతోంది. ఊరు చేరాక చూపించుకోవచ్చా?
– అనంతపురం పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. అది లెవెల్ గుర్తు కాదు, ఒత్తిడి గుర్తు. నడుస్తుండగా వెలిగిందంటే వెంటనే పక్కకి తీసి ఇంజన్ కట్టేయండి. లెవెల్ చూసి, తక్కువుంటే పోసి స్టార్ట్ చేయండి. లెవెల్ సరిగ్గా ఉండీ లైటు వెలుగుతుంటే నడపొద్దు, మెకానిక్‌నే అక్కడికి పిలిపించండి.

ప్రశ్న: ఒరిజినల్ ఆయిల్ అని ఎలా గుర్తుపట్టాలి? ఇంకొకటి, దించిన పాత ఆయిల్‌ని మా దగ్గర మెకానిక్ పక్క కాలవలో పోస్తున్నాడు, కొందరు సెంట్రింగ్ పలకలకు రాయడానికి అడిగి పట్టుకెళ్తున్నారు. పర్వాలేదా?
– భీమవరం పాఠకుడు

జవాబు: రంగు, వాసన చూసి నకిలీని పట్టలేరు, రంగు ఎవరైనా కలపగలరు. లూజు ఆయిల్ కొనకండి. మార్కెట్ ధరకన్నా బాగా తక్కువకు ఇస్తున్నారంటే వదిలేయండి. మూత కింద అల్యూమినియం సీలు చెక్కుచెదరకుండా ఉందా, బ్యాచ్ నంబరూ తయారీ తేదీ చెరిగిపోకుండా ఉన్నాయా చూసి, డబ్బా మీ కళ్ల ముందే తెరిపించి పోయించండి. నకిలీ చేసేవాళ్లకు కావాల్సింది అసలు ఖాళీ డబ్బా, కాబట్టి మీ డబ్బాని స్క్రూడ్రైవర్‌తో నాలుగు చోట్ల పొడిచి మరీ పారేయండి.

కాలవలో పోయడం మాత్రం మీరు అడ్డుకోవాల్సిన పని. వాడిన ఆయిల్‌లో అరిగిన లోహాలు, కాలిన ఇంధనం నుంచి వచ్చిన విషపదార్థాలు ఉంటాయి. మీ ప్రాంతంలో ఆ కాలవ నీళ్లే చేపల చెరువుల్లోకీ వెళ్తాయి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన ఆయిల్‌ని అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకే ఇవ్వాలి. పలకలకు రాసినా అది మేస్త్రీల చేతులకు, చర్మానికి అంటుకుంటుంది, చివరికి వానకి నేలలోకే చేరుతుంది, ఆ పనికి విడిగా షటరింగ్ ఆయిల్ దొరుకుతుంది. పెద్ద సర్వీస్ సెంటర్లలో పాత ఆయిల్‌ని డ్రమ్ముల్లో నింపి రీసైక్లింగ్ వాళ్లకు అమ్ముతారు. మీ మెకానిక్‌ని కూడా ఒక మూత ఉన్న డ్రమ్ము పెట్టుకుని, నిండాక అలాంటి సెంటర్ ద్వారా పంపమని చెప్పండి, దానికి డబ్బులొస్తాయని కూడా చెప్పండి. పాత ఫిల్టర్లని కూడా బోర్లించి ఒక రాత్రి ఆ డ్రమ్ములోకే కారనివ్వమనండి.